ఆగే తేదీ, కదిలే తేదీ: స్ప్రెడ్‌షీట్‌లో ‘ఈ రోజు’ వేసేటప్పుడు



2025 ఆగస్టులో, వానలు పట్టుకుని జ్వరాలు తిరుగుతున్న రోజుల్లో, నాలుగో తరగతి బాబు వాళ్ల అమ్మగారు మా కంప్యూటర్ ల్యాబ్‌కు వచ్చారు. చేతిలో మడతలు పడిన ప్రింటు కాగితం ఒకటి. “మేడమ్, ఇది నా తప్పా, కంప్యూటర్ తప్పా? మీరే చెప్పాలి” అన్నారు.

అంతకు రెండు వారాల ముందు బాబుకు జ్వరం వచ్చింది. ఆవిడ మొదటి రోజు నుంచే ల్యాప్‌టాప్‌లో పట్టిక రాసుకున్నారు. తేదీ, టైము, జ్వరం ఎంత, ఏ మందు ఎంత వేశాం అని నాలుగు నిలువు వరుసలు. నిజానికి చాలామంది ఇంత శ్రద్ధగా రాయరు. టైము, జ్వరం ఆవిడే టైపు చేశారు. తేదీ గడిలో మాత్రం ఇంట్లో వాళ్లు నేర్పిన చిన్న ఫార్ములా వేస్తూ వచ్చారు: =టుడే(). వేయగానే ఆ రోజు తేదీ పడుతోంది, బాగానే ఉంది కదా అనుకున్నారు. అర్ధరాత్రి లేచి థర్మామీటర్ పెట్టి, కళ్లు నులుముకుంటూ కింది వరుస నింపే మనిషికి పై వరుసలు చూసే తీరిక ఎక్కడుంటుంది?

నాలుగో రోజు డాక్టర్ దగ్గరికి వెళ్తూ ప్రింటు తీశారు. పద్నాలుగు వరుసలు. పద్నాలుగింటిలోనూ ఒకటే తేదీ, 14 ఆగస్టు.

డాక్టర్ మొదట అడిగిన మాట “జ్వరం ఎప్పుడు మొదలైందమ్మా?” అని. వానాకాలంలో ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో బాగా పనికొస్తుంది. ఆ తర్వాత ఐజీఎం యాంటీబాడీల పరీక్ష మీద ఎక్కువ ఆధారపడతారు. పైగా జ్వరం తగ్గుముఖం పట్టే సమయం, మామూలుగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, పిల్లల్ని మరింత జాగ్రత్తగా కనిపెట్టుకోవాల్సిన సమయం. అందుకని ‘ఇది ఎన్నో రోజు’ అన్నది డాక్టర్‌కు తెలియాలి. మూడు రాత్రులు సరిగా నిద్రపోని ఆ తల్లికి మొదలైంది సోమవారమో మంగళవారమో గట్టిగా చెప్పడం చేతకాలేదు. కాగితం చెబుతుందనే ధీమాతో వెళ్లారు. కాగితమేమో అంతా ఇవాళే జరిగిందంటోంది.

ఆ డాక్టర్ ఓపికగలవారు. టైము వరుస చేత్తో టైపు చేసిందని తెలుసుకుని, రాత్రి దాటిన చోటల్లా ఒక గీత గీయమన్నారట. రాత్రి 9:40 తర్వాత వరుసలో ఉదయం 6:10 ఉంటే మధ్యలో తేదీ మారినట్టే కదా. మూడు గీతలు పడ్డాయి. అంటే నాలుగు రోజులు, మొదలైంది సోమవారం, 11వ తేదీ. తర్వాత మా స్కూల్ సిక్ రూమ్ రిజిస్టర్ కూడా చూశాం. ఆ సోమవారం మూడో పీరియడ్‌లో ఒళ్లు వెచ్చగా ఉందని బాబును ఇంటికి పంపినట్టు పెన్నుతో రాసి ఉంది. లెక్క సరిపోయింది. బాబు వారంలో కోలుకుని బడికి వచ్చాడు.

అయితే తప్పు ఎవరిది? కంప్యూటర్‌ది కాదు. అమ్మది అనడానికీ నాకు మనసొప్పదు. “ఈ రోజు తేదీ వెయ్” అనే మాటకే రెండు అర్థాలున్నాయి. ఆ రెండూ వేరని ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బంది. మా క్లాసులో ఈ పాఠానికి ఒక పీరియడ్ సరిపోతుంది, కానీ పిల్లలకంటే ఇంటి లెక్కలు రాసే పెద్దలకే దీని అవసరం ఎక్కువని ఆ రోజు అనిపించింది.

ముద్ర, క్యాలెండర్

పోస్టాఫీసులో కవరు మీద కొట్టే తేదీ ముద్ర మీకు తెలుసు. ఒకసారి పడితే ఆ కవరు పదేళ్ల తర్వాత తీసినా అదే తేదీ. అలాగే రోజుకో కాగితం చింపే గోడ క్యాలెండర్ కూడా తెలుసు. దాన్ని ఎప్పుడు చూసినా ఇవాళ్టి తేదీయే కనిపిస్తుంది. నిన్న ఏం కనిపించిందో దానికి గుర్తుండదు.

=టుడే() అన్న ఫార్ములా ఆ క్యాలెండర్ లాంటిది. గడిలో తేదీ కనిపిస్తున్నా, గడి లోపల దాచి ఉన్నది తేదీ కాదు, “ఇవాళ ఎంత?” అనే ప్రశ్న. ఫైల్ తెరిచిన ప్రతిసారీ, లెక్కలు మళ్లీ జరిగిన ప్రతిసారీ ఆ ప్రశ్నకు కొత్త జవాబు వస్తుంది. మన జ్వరం పట్టికలో పద్నాలుగు గడుల్లో పద్నాలుగు ప్రశ్నలున్నాయి, అన్నింటికీ 14వ తేదీన ఒకటే జవాబు. పాత జవాబులు ఎక్కడా రాసి లేవు.

కాబట్టి గడిలో చెయ్యి పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: రేపు ఈ ఫైల్ తెరిస్తే ఈ తేదీ ఇలాగే ఉండాలా, మారాలా? జరిగిపోయిన పనికి వేసే తేదీ ఆగాలి. జ్వరం వచ్చిన రోజు, ఫీజు కట్టిన రోజు, టీకా వేయించిన రోజు, పాలవాడికి డబ్బులిచ్చిన రోజు, లైబ్రరీ పుస్తకం తెచ్చిన రోజు ఇలాంటివి. ‘ఇప్పటికి ఎంత’ అని లెక్క తీసే తేదీ కదలాలి.

ముద్ర కొట్టే పద్ధతి

కంప్యూటర్ మీద ముద్ర కొట్టడం ఫార్ములా కంటే తేలిక. తేదీ కావాల్సిన గడి మీద క్లిక్ చేసి, కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని సెమికోలన్ కీ నొక్కండి. కీబోర్డు మీద ‘ఎల్’ అక్షరానికి కుడిపక్కనే ఉన్న కీ అది. తర్వాత ఎంటర్. అంతే. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఇది పనిచేస్తుంది. పడిన తేదీ ఇక కదలదు. సందేహం ఉంటే ఆ గడి మీద క్లిక్ చేసి పైన ఉన్న ఫార్ములా పట్టీ చూడండి. అక్కడ మామూలు తేదీ ఉంటే ముద్ర, ఈక్వల్ టు గుర్తుతో మొదలైతే క్యాలెండర్.

టైము కావాలంటే కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని అదే సెమికోలన్ కీ. మందు వేసిన టైము రాసుకునే వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఒకే గడిలో రెండూ కావాలంటే ముందు తేదీ కీలు నొక్కి, ఒక ఖాళీ వదిలి, టైము కీలు నొక్కండి. నా సలహా మాత్రం రెండూ వేరు వేరు గడుల్లో పెట్టుకోమనే. పైన చెప్పిన కథలో తేదీ పోయినా రోజులు దొరికాయంటే టైము విడిగా ఉండబట్టే.

ఇక్కడ ఇంకో మాట. ఈ వ్యాసంలో ఫార్ములాల పేర్లు తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. గడిలో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి: ముందు ఈక్వల్ టు గుర్తు, ఆపైన టి, ఓ, డి, ఏ, వై, చివర తెరిచి మూసిన ఖాళీ బ్రాకెట్లు. బ్రాకెట్ల లోపల ఏమీ ఉండదు, కానీ బ్రాకెట్లు ఉండాలి. తేదీతో పాటు టైము కూడా కదలాలంటే =నౌ() అని మరొకటి ఉంది.

మనలో చాలామంది పని ఫోన్‌లోనే. ఫోన్‌లో కంట్రోల్ కీ ఉండదు. అప్పుడు అన్నిటికంటే మంచి దారి తేదీని చేత్తో టైపు చేయడమే. రెండు క్షణాల పని. లేదా ఒక గూగుల్ ఫామ్ తయారు చేసి, అందులో జ్వరం, మందు అని రెండే ప్రశ్నలు పెట్టండి. ఫామ్ పంపిన ప్రతిసారీ దానికి జతచేసిన షీట్‌లో తేదీ, టైము వాటంతట అవే పడతాయి, తర్వాత కదలవు. ఇంట్లో అమ్మమ్మ, నాన్న, అమ్మ ముగ్గురూ వంతులవారీగా చూసుకుంటున్నప్పుడు ఇది ఎంత హాయో చెప్పలేను. ఎవరి ఫోన్ నుంచి పంపినా ఒకే పట్టికలో చేరుతుంది.

ఇప్పటికే ఫార్ములా వేసేసి ఉంటే? ఆ రోజే గమనిస్తే ఫరవాలేదు. ఎక్సెల్‌లో ఆ గడి మీద ఉండి ఎఫ్2 నొక్కి, ఎఫ్9 నొక్కి, ఎంటర్ కొడితే ప్రశ్న పోయి జవాబు మిగులుతుంది. అలా ముద్రగా మారిన గడిలో అంకె మాత్రమే కనిపిస్తే కంగారు వద్దు, దాని సంగతి కింద చెబుతాను. చాలా గడులుంటే అన్నిటినీ కాపీ చేసి, అక్కడే ‘పేస్ట్ వాల్యూస్’ ఎంచుకోండి. కొత్త ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, వి కీలతో అదే పని జరుగుతుంది. కానీ రోజులు గడిచాక ఇలా చేస్తే లాభం లేదు. తప్పు తేదీయే గట్టిపడుతుంది. గూగుల్ షీట్స్‌లో రాసినవాళ్లకు ఒక ఆశ ఉంది. ఫైల్ మెనూలో ‘వెర్షన్ హిస్టరీ’ తెరిస్తే ఏ మార్పు ఏ రోజు ఎన్ని గంటలకు జరిగిందో కనిపిస్తుంది. దాన్ని చూసి తేదీలు తిరిగి రాసుకోవచ్చు.

కదలాల్సిన తేదీ

టుడే ఫార్ములాను ఇంతసేపూ దోషిలా నిలబెట్టాను. దాని చోట దాన్ని పెడితే అంత మంచి పనివాడు లేడు.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో రోజూ వినిపించే మాట “పరీక్షలకింకా ఎన్ని రోజులుంది?”. బీ1 గడిలో మొదటి పరీక్ష తేదీ టైపు చేయండి. ఇది ఆగే తేదీ. పక్క గడిలో =బీ1-టుడే() అని వేయండి. రోజూ ఒకటి చొప్పున తగ్గుతూ వస్తుంది. కొన్నిసార్లు అక్కడ రోజుల సంఖ్య బదులు 1900 నాటి తేదీ ఏదో కనిపించి భయపెడుతుంది. ఆ గడి ఫార్మాట్‌ను ‘నంబర్’కు మారిస్తే సరి.

అలాగే జ్వరం ఎన్నో రోజన్న లెక్క. ఏ2 గడిలో మొదలైన తేదీని ముద్రగా కొట్టి, పక్కన =టుడే()-ఏ2+1 అని పెట్టుకోండి. ఆ ‘ప్లస్ ఒకటి’ దేనికని పిల్లలు తప్పకుండా అడుగుతారు. 11వ తేదీ నుంచి 14కు తీసివేత చేస్తే మూడు వస్తుంది. కానీ ఆ డాక్టర్ జ్వరం వచ్చిన రోజునే ఒకటో రోజుగా లెక్కపెట్టారు, అందుకే నాలుగో రోజు అన్నారు. బారసాలకు 21వ రోజు చూసేటప్పుడు మన పెద్దవాళ్లు పుట్టిన రోజును ఒకటిగా పట్టుకుని లెక్కపెడతారు చూడండి, అదే పద్ధతి. రెండు లెక్కలూ ఒప్పే. ఏది వాడుతున్నామో తెలియాలి, అంతే.

వయసు దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. పుట్టిన తేదీ ఏ2 గడిలో ఉంటే =డేట్‌డిఫ్(ఏ2,టుడే(),"వై") అని వేస్తే నిండిన సంవత్సరాలు వస్తాయి. పుట్టినరోజు నాడు అదే పెరుగుతుంది. ఇంటి పట్టికకు ఇది ముచ్చటగా ఉంటుంది. కానీ అడ్మిషన్ పని మీద వయసు లెక్కేస్తున్నప్పుడు టుడే వాడకండి. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లు ఏ తేదీకి నిండాలో దరఖాస్తులో రాసి ఉంటుంది. ఆ తేదీనే ఒక గడిలో టైపు చేసి, ఫార్ములాలో టుడే బదులు ఆ గడి పేరు పెట్టాలి. ఉదాహరణకు పాప పుట్టింది 2019 జూలై 20న, దరఖాస్తులో అడిగింది 2025 జూన్ 1 నాటి వయసు అనుకుందాం. జవాబు ఐదేళ్లు. అదే పట్టికను టుడేతో వేసి ఆగస్టులో తెరిస్తే ఆరేళ్లు చూపిస్తుంది. చూపించింది అబద్ధం కాదు, కానీ అడిగిన ప్రశ్నకు జవాబూ కాదు.

అంకెల వెనకున్న అంకె

తేదీలు వేసేటప్పుడు ఒక్కోసారి గడిలో తేదీ బదులు 45880 అనో 45883 అనో కనిపించి “ఇదేం గోల” అనిపిస్తుంది. గోల కాదు, అసలు సంగతి బయటపడింది. ఎక్సెల్ ప్రతి తేదీనీ ఒక అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 అంటే 1. అక్కడి నుంచి రోజుకొకటి చొప్పున లెక్క. 2025 ఆగస్టు 11 అంటే 45880, ఆగస్టు 14 అంటే 45883. తేదీల తీసివేత అంత తేలిగ్గా జరగడానికి కారణం ఇదే. టైము కూడా అంతే, రోజులో ఒక భాగం. మధ్యాహ్నం 12 గంటలంటే 0.5. అలా అంకె కనిపించినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, 3 నొక్కితే మళ్లీ తేదీ రూపంలోకి వస్తుంది. గడి నిండా వరుసగా హ్యాష్ గుర్తులు కనిపిస్తే మాత్రం నిలువు వరుస ఇరుకైందని అర్థం, కాస్త వెడల్పు చేయండి.

ఎనిమిదో తరగతి పిల్లలు ఇక్కడ భలే ఉత్సాహపడతారు. ఎందుకంటే ఎక్సెల్ లెక్కలో 1900 ఫిబ్రవరి 29 అనే రోజు ఉంది. క్యాలెండర్‌లో అలాంటి రోజు లేదు. వందతో భాగించబడే సంవత్సరం 400తోనూ భాగించబడితేనే లీపు సంవత్సరం. 2000 అయింది, 1900 కాదు. అంతకు ముందున్న లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాంలో ఈ పొరపాటు ఉంది. దాని ఫైళ్లతో లెక్క కలవాలని ఎక్సెల్ కూడా దాన్ని తెలిసే అలాగే ఉంచింది. ఇంటి లెక్కలకు దీనివల్ల నష్టమేమీ లేదు. సోషల్ ప్రాజెక్టు చేసే పిల్లలకు మాత్రం ఒక చిక్కుంది. గురజాడ అప్పారావు గారు పుట్టిన 1862 సెప్టెంబరు 21ని ఎక్సెల్‌లో వేస్తే అది తేదీగా కాక ఉత్త అక్షరాలుగా మిగులుతుంది, తీసివేతకు లొంగదు. 1900కు ముందున్న వాళ్ల వయసు వేయాలంటే సంవత్సరం, నెల, రోజు మూడు గడుల్లో విడివిడిగా రాయించండి.

ముందు రోజా, ముందు నెలా?

చేత్తో తేదీ టైపు చేసే దగ్గర మన ఇళ్లలో తరచుగా జరిగే పొరపాట్లు రెండు. మొదటిది చుక్కలు. మనం కాగితం మీద 11.8.2025 అని చుక్కలతో రాస్తాం. చాలా కంప్యూటర్లలో ఇలా రాసినదాన్ని స్ప్రెడ్‌షీట్ తేదీగా గుర్తించదు, అక్షరాల కింద జమకడుతుంది. చూడ్డానికి తేదీలాగే ఉంటుంది, లెక్క మాత్రం రాదు. చుక్కల బదులు అడ్డగీత వాడండి.

రెండోది ఇంకా ప్రమాదం. ఆఫీసు నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లోనో, విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన దాంట్లోనో తేదీ పద్ధతి అమెరికాది ఉండవచ్చు. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. మీరు 11/8/2025 అని కొడితే అది నవంబరు 8 అనుకుంటుంది. 12వ తేదీ దాకా ఇలా చప్పుడు చేయకుండా తారుమారు చేస్తుంది. 13/8/2025 కొట్టేసరికి పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని అక్షరాలుగా వదిలేస్తుంది. ఒకే పట్టికలో సగం తప్పు తేదీలు, సగం తేదీలే కానివి. దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష: కొత్త గడిలో 13/8/2025 కొట్టి ఎంటర్ నొక్కండి. గడిలో కుడివైపుకు జరిగితే తేదీగా తీసుకుందని అర్థం, ఎడమవైపే ఉండిపోతే తీసుకోలేదని అర్థం. అప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లో ‘రీజియన్’ దగ్గర ఇండియా పద్ధతిని ఎంచుకోవాలి. ఆఫీసు వాళ్ల కంప్యూటర్ కాబట్టి మార్చడం కుదరదంటారా, నెలను అంకెతో కాకుండా ఇంగ్లిష్‌లో మూడక్షరాలతో రాయండి. అలా రాస్తే ఎక్కడా తికమక ఉండదు.

దీనికి తోబుట్టువు లాంటి ఇబ్బంది ఒకటి మార్కుల దగ్గర ఎదురవుతుంది. పిల్లల క్లాస్ టెస్ట్ మార్కులు రాసుకుంటూ 8/10 అని కొట్టి చూడండి. అది అక్టోబరు 8 అయి కూర్చుంటుంది! పదికి ఎనిమిది తెచ్చుకున్న పిల్లవాడి కష్టమంతా తేదీ అయిపోయిందని మా ల్యాబ్‌లో నవ్వుకుంటాం. ముందు ఒక అపాస్ట్రఫీ గుర్తు పెట్టి కొడితే మారదు. ఇంకా మంచి పద్ధతి వచ్చిన మార్కులు ఒక వరుసలో, మొత్తం మార్కులు మరో వరుసలో రాయడం. శాతం కూడా తీసుకోవచ్చు.

ఇది పిల్లల మార్కులతో ఆగిన సమస్య కాదు. జన్యువులకు పెట్టిన పొట్టి పేర్లలో ‘మార్చ్1’, ‘సెప్ట్1’ లాంటివి ఉండేవి. శాస్త్రవేత్తలు వాటిని పట్టికలో రాస్తే మార్చి 1, సెప్టెంబరు 1 అయిపోయేవి. 2016లో పరిశోధకులు వెతికి చూస్తే, ఎక్సెల్‌లో జన్యువుల జాబితా జతచేసిన పరిశోధనా పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులు కనిపించాయి. చివరికి 2020లో జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ ఆ పేర్లనే మార్చింది. ఇలా దానంతట అది మార్చేసే అలవాటును ఆపుకొనే వీలు ఎక్సెల్‌లో 2023లో వచ్చింది. చదువుకున్న వాళ్లకే ఇలా జరిగితే మనమెంత అని ఆ అమ్మగారితో అంటే, ఆవిడ ఆ రోజు మొదటిసారి నవ్వారు.

దూరాన ఉన్న వాళ్లతో పంచుకునే పట్టిక

మన పేరెంట్స్‌లో కొందరు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల మందులు, చెకప్‌లు రాసుకోవడానికి అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో అక్కతోనో కలిసి ఒకే గూగుల్ షీట్ వాడుతున్నారు. మంచి అలవాటు. ఒక్క సంగతి చూసుకోండి. గూగుల్ షీట్స్‌లో టుడే ఫార్ములా చూసేవాళ్ల ఊరి తేదీ ఇవ్వదు, ఆ షీట్‌కు పెట్టిన టైమ్ జోన్ ప్రకారం ఇస్తుంది. డాలస్‌లో ఉన్న అక్క షీట్ తయారు చేసి ఉంటే దానికి అక్కడి టైమే ఉండే అవకాశం ఉంది. ఆగస్టులో మనకు 11వ తేదీ ఉదయం ఎనిమిది గంటలంటే అక్కడ 10వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర. హైదరాబాద్‌లో కూర్చుని చూసినా షీట్ నిన్నటి తేదీ చూపిస్తుంది. ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి, మందులు వేసుకునే మనిషి ఎక్కడుంటే అక్కడి టైమ్ జోన్ పెట్టండి. ఎక్సెల్ ఫైల్‌కు ఈ బాధ లేదు, కానీ అది మీ కంప్యూటర్ గడియారాన్ని నమ్ముకుంటుంది. బ్యాటరీ పోయి గడియారం వెనకబడిన పాత కంప్యూటర్‌లో ముద్ర కూడా తప్పే పడుతుంది.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఆరో తరగతి, ఆపై పిల్లలతో ఇది చేయించవచ్చు. గుప్పెడు పెసలు తడిగుడ్డలో మూటకట్టండి. కొత్త పట్టిక తెరిచి, పైన ఒక గడిలో పిల్లలతోనే =టుడే() వేయించండి. దాని కింద మూడు నిలువు వరుసలు: చూసిన తేదీ, మొలక పొడవు మిల్లీమీటర్లలో, మూటకట్టి ఎన్ని రోజులైంది. మొదటి వరుసలో మూటకట్టిన తేదీని కంట్రోల్, సెమికోలన్‌తో కొట్టించండి, పొడవు సున్నా. తర్వాత రోజూ ఒక వరుస, తేదీ అదే కీలతో. మూడో వరుస లెక్కకు ఫార్ములా ఏం వేయాలో మీరు చెప్పకండి. టుడే వాడాలా, ఆ వరుసలోనే ఉన్న తేదీ వాడాలా అని వాళ్లే తేల్చుకోవాలి. టుడే వాడితే రెండో రోజే తెలిసిపోతుంది, నిన్నటి వరుసలో అంకె కూడా మారిపోయి ఉంటుంది.

నాలుగో రోజు ఫైల్ తెరవక ముందే అడగండి: “ఏ గడులు మారి ఉంటాయి, ఏవి మారవు?” ఊహించింది కాగితం మీద రాయించి, అప్పుడు తెరవండి. మొలకలు వచ్చేదాకా ఆగలేని పిల్లలుంటే ఎక్సెల్‌లో ఇంకో దారి ఉంది. కంప్యూటర్ తేదీని సెట్టింగ్స్‌లో ఒక రోజు ముందుకు జరిపి ఫైల్ మూసి తెరిస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. మా ల్యాబ్‌లో అలాగే చూపిస్తాం. చూసి నవ్వుకున్నాక, ఆటోమేటిక్ టైమ్‌ను మళ్లీ ఆన్ చేయడం మాత్రం మరిచిపోకండి. లేదంటే తేదీ సరిపోక కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోవు, మర్నాడు ఆన్‌లైన్ క్లాసు ఎందుకు రావడం లేదని మాకు ఫోన్ చేస్తారు.